నోటీసు నుంచి ప్లాను దాకా పదకొండు నెలలు: విజయనగరంలో మా తాతగారి కొట్ల మేడ

2023 అక్టోబరు 9, సోమవారం. నేను స్కూల్లో ఎనిమిదో తరగతికి పాఠం చెబుతున్నాను. గాజుల మావయ్య దగ్గర్నుంచి ఫోను. బేరాలు పోతాయని పగటిపూట ఆయన ఎవరికీ ఫోన్ చేయడు. "పాపా, మన మేడకి కాగితం అంటించేసి ఎల్లిపోనారు. శిథిలం అని ఏటో రాసుంది. ఓపాలి వచ్చి సూడమ్మా" అన్నాడు.

ఆయన మాకు చుట్టం కాదు. నేను మూడో తరగతిలో ఉన్నప్పటి నుంచి మా మేడ కింద గాజుల కొట్టు నడుపుతున్నాడు. మా నాన్న ఆయన్ని బావా అని పిలిచేవారు, అందుకని మాకు మావయ్య.

సాయంత్రం బడి వదిలాక వెళ్లాను. మెట్ల పక్కన గోడకి మున్సిపల్ కార్పొరేషన్ వాళ్లు మైదాతో అంటించిన కాగితం అంచులు ఇంకా తడిగానే ఉన్నాయి. భవనం ప్రమాదకర స్థితిలో ఉంది, మరమ్మతు చేయించండి లేదా తొలగించండి, ఇంజినీరు చేత పరీక్ష చేయించి రిపోర్టు ఇవ్వండి, ఏడు రోజుల్లో సంజాయిషీ చెప్పండి అని ఉంది. అడుగున పెన్నుతో రాసిన వాక్యం ఒకటి: సిరిమాను రోజున మేడ మీదికి ఎవరినీ ఎక్కించరాదు. పైన యజమాని పేరు దగ్గర మా తాతగారి పేరు. ఆయన 1984లో పోయారు.

విజయనగరం వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. బయటివాళ్ల కోసం: పైడితల్లమ్మ పండగలో పొడవాటి మాను చివర పూజారి గారిని కూర్చోబెట్టి ఊరేగించేదే సిరిమాను. అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా అది మూడుసార్లు తిరుగుతుంది. ఆ దారి కనిపించే మేడ ఉందంటే ఆ మంగళవారం ఎక్కడెక్కడి చుట్టాలూ దిగుతారు. మా చిన్నప్పుడు పిట్టగోడ మీద వరసగా కూర్చుని, పూజారి గారు ఎదురుగా వచ్చేసరికి అరటిపళ్లు విసిరి దండం పెట్టేవాళ్లం. ఆ ఏడు అక్టోబరు 31న సిరిమాను. మొట్టమొదటిసారి మేడ మెట్లకి తాళం వేసి, కింద రోడ్డు మీద జనంలో నిలబడి చూశాను. తల ఎత్తితే మా పిట్టగోడ ఖాళీగా కనిపించింది. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

ఆ నోటీసు నుంచి కొత్త మేడ ప్లాను మంజూరయ్యేదాకా మా దగ్గర ఎందుకింత ఆలస్యమైందో, కార్పొరేషన్ ఆఫీసులో నిజంగా ఎన్ని రోజులు పట్టిందో తేదీలతో సహా రాస్తున్నాను. పాత బజారులో తాతల నాటి కొట్లు ఉన్నవాళ్లు చాలామందికి ముందో వెనకో ఇదే దారి తప్పదు.

స్థలం 33 అడుగుల వెడల్పు, 66 అడుగుల పొడవు. 242 గజాలు. ముందు అయిదు కొట్లు: గాజులు, టైలరు, స్టేషనరీ, వాచీ రిపేరు, ఇత్తడి సామాను. వెనకా పైనా ఒకప్పుడు మా తాతగారి గోనె సంచుల గోడౌను. నెల్లిమర్ల మిల్లు నుంచి బేళ్లు వచ్చేవట. గానుగ సున్నంతో కట్టిన ఇటుక గోడలు, టేకు దూలాల మీద ఇటుకా సున్నంతో వేసిన మద్రాసు టెర్రస్ కప్పు. ముప్ఫై ఏళ్లుగా పై అంతస్తు మూసేసి ఉన్నా తలుపు తీస్తే జనపనార వాసన కొట్టేది. అద్దెలు నెలకి 900 చొప్పున. 900 అద్దెతో సున్నం కొట్టించడానికే చాలదు. అన్నయ్య హైదరాబాదు, అక్క న్యూజెర్సీ, తమ్ముడు వైజాగు. ఊళ్లో ఉన్నది నేనొక్కదాన్నే. నాన్న 2009లో పోయారు, ఆ తర్వాత మేడ గురించి మేం నలుగురం కూర్చుని మాట్లాడుకున్నది ఒక్కసారి కూడా లేదు. ఇది ముందుగా ఒప్పుకోవాలి. మేడని పాడుపెట్టింది వానలు కాదు, మేమే.

నోటీసుకి జవాబు ఇవ్వడానికి నేను భయపడుతూ వెళ్లాను. కౌంటరు దగ్గర చెప్పింది సూటిగా ఉంది: "మేడం, ముందు రిపోర్టు తెండి. గడువు కావాలంటే రాతపూర్వకంగా అడగండి." అడిగాను, రెండు నెలలు దొరికింది. నోటీసు అందిన వారంలోపు ఏదో ఒక జవాబు రాసి, దాని నకలు మీద తేదీతో ముద్ర వేయించుకుని దాచుకోండి. ఆ ఒక్క కాగితం తర్వాత మూడుచోట్ల పనికొచ్చింది.

పరీక్ష ఒక ఇంజినీరింగ్ కాలేజీ సివిల్ డిపార్టుమెంటు వాళ్లు చేశారు. ఫీజు 30,000, పైన 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. నవంబరు 14న వచ్చి సుత్తిలాంటి పరికరంతో గోడలు తట్టారు, దూలాల చివర్లలో సన్నటి డ్రిల్లు దింపారు. బయటికొచ్చిన టేకు పొట్టు కొన్నిచోట్ల గోధుమరంగులో పొడిగా ఉంది, కొన్నిచోట్ల నల్లగా, తడిగా ముద్దలా వచ్చింది. రెండో రకం చూపించి ఆ ప్రొఫెసరు గారు, "ఇది కర్ర కాదమ్మా, ఎరువు" అన్నారు. డిసెంబరు 4న రిపోర్టు చేతికొచ్చింది. ముందు 18 అడుగుల భాగం ఊతకర్రలు పెట్టి కొన్నాళ్లు వాడుకోవచ్చు, వెనక భాగం ఏ మరమ్మతుకీ నిలవదు అని. రెండు రోజులకి మిచౌంగ్ తుఫాను వానలు. డిసెంబరు 6 రాత్రి వెనక మూల పైకప్పు ఒక్కసారిగా కూలింది. ఎవరికీ ఏమీ కాలేదు. వాచీ రిపేరు ఆయన సామాను కొంత పోయింది. తెల్లారి ఆ మట్టిదిబ్బ ముందు నిలబడితే కాళ్లు వణికాయి. వెనక తలుపు దగ్గర రోజూ మధ్యాహ్నం టైలరు గారి మనవడు పడుకునేవాడు.

ఆ రోజే వీడియో కాల్‌లో నలుగురం ఒక మాట అనుకున్నాం. పడగొట్టి కొత్తది కట్టాలి, అమ్మకూడదు. మాట అనుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ మాటని కాగితం మీద పెట్టడానికి ఆరు నెలలు.

ముందు దస్తావేజు. తాతగారు 1946లో కొన్నది. నాన్న దాన్ని భద్రంగా ఉండాలని 1991లో లామినేషన్ చేయించారు. ప్లాస్టిక్ పసుపుపట్టి వెనక రిజిస్ట్రేషన్ ముద్ర, నంబరు చదవడానికి వీల్లేకుండా పోయాయి. పాత దస్తావేజులకి లామినేషన్ ఎవరూ చేయించకండి, దయచేసి. కంప్యూటరులో ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం, 1983 నుంచే వస్తుంది. అంతకుముందుది పుస్తకాలు తిరగేసి తీయాలి. నకలు కోసం దరఖాస్తు పెట్టాక పదకొండు రోజులకి దొరికింది. అందులో హద్దులు ఇలా ఉన్నాయి: తూర్పున ఫలానా వారి పెంకుటిల్లు, పడమర ఫలానా వారి నుయ్యి. ఆ పెంకుటిల్లూ లేదు, నుయ్యీ లేదు. విస్తీర్ణం 250 గజాలని రాసుంది. నేల మీద 242. ఆ ఎనిమిది గజాల తేడా ఎక్కడ పోయిందో చెప్పేవాళ్లు ఇప్పుడెవరూ లేరు.

పన్ను పుస్తకంలో పేరు తాతగారిదే. ఆయన తర్వాత నాన్న, నాన్న తర్వాత మేం నలుగురం, అమ్మ. పోయిన ఇద్దరి మరణ ధ్రువపత్రాలూ, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రమూ కావాలి. తాతగారిది 1984 మరణం, నమోదు దొరకలేదు. దానికో విచారణ, పక్కవీధి పెద్దమనుషులిద్దరి వాంగ్మూలం. పన్ను బకాయి వడ్డీతో కలిపి 1,12,000 దాకా తేలింది. నలుగురం పంచుకుని కట్టాం. పేరు మారేసరికి మార్చి వచ్చింది.

అక్క రాలేదు కాబట్టి నా పేర జీపీఏ, అంటే తన తరఫున సంతకాలు పెట్టే అధికారపత్రం, ఇచ్చింది. అక్కడ భారత కాన్సులేటులో ముద్ర వేయించి కొరియరులో పంపింది. 2024 జనవరి 22న అందింది. నేను బీరువాలో పెట్టి, పరీక్షల హడావిడిలో పడిపోయాను. విదేశంలో రాసిన కాగితం మన దేశంలో అందిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి. ఆ మాట మా లాయరు గారు ఏప్రిల్ 11న యథాలాపంగా చెప్పారు. పదకొండు రోజులే ఉంది. ఆ కొరియరు కవరు మీద తేదీ ఉంది కాబట్టి సరిపోయింది. కవరు పారేయకండి. అందిన తేదీకి అదే సాక్ష్యం. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో పని ఏప్రిల్ 19న పూర్తయింది. అప్పటికే ఎన్నికల కోడ్ నడుస్తోంది, సగం సీట్లలో మనుషులు ఎన్నికల డ్యూటీల్లో ఉన్నారు. నాకూ డ్యూటీ పడింది.

ఇక అద్దెవాళ్లు. ఇది రాయడం కష్టంగా ఉంది.

ఎవరికీ రాతకోతలు లేవు. నాన్న మాట మీద వచ్చి కూర్చున్నవాళ్లు. జనవరిలో ఒక ఆదివారం అందర్నీ మా ఇంటికి పిలిచాను, అమ్మ అందరికీ కాఫీ ఇచ్చింది. విషయం చెప్పగానే ఎవరూ మాట్లాడలేదు. చివరికి గాజుల మావయ్యే నోరు విప్పాడు. "పడగొట్టక తప్పదు పాపా, సూస్తన్నాం కదా. కానీ ఒకపాలి ఎల్లిపోతే మళ్లీ ఎవలు రానిస్తారు? మీ నాన్న ఉంటే మాట సాలు. ఇప్పుడు మీరు నలుగురు." ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. మేం నలుగురం ఒక మాట మీద ఉంటామని నాకే నమ్మకం లేదు.

అందుకని అన్నీ రాసుకున్నాం. కొత్త మేడలో ఎవరికెంత చోటు, అద్దె ఎంత, ఎప్పటికి తిరిగి వస్తారు. అన్నయ్యా తమ్ముడూ మొదట ఒప్పుకోలేదు, "పాత అద్దెవాళ్లని మళ్లీ నెత్తిన పెట్టుకోవడం ఎందుకు" అన్నారు. రెండు వారాలు మా మధ్య మాటల్లేవు. అమ్మ మధ్యలో వచ్చి, "మీ చదువులకి ఫీజు కట్టింది ఈ కొట్ల అద్దె" అన్నాక మెత్తబడ్డారు. కింది కొట్టు అద్దె 6,500, పైది 3,500 అని తేలింది.

చిక్కు ఏమిటంటే, ప్లాను గీయించాక కింద మూడు కొట్లే వచ్చాయి. మెట్లకీ, వెనక పార్కింగుకి వెళ్లే దారికీ వెడల్పు పోయింది. అయిదుగురికి మూడు కొట్లు. ఎవరికిస్తాం? మే నెలలో ఒక మంగళవారం పైడితల్లమ్మ గుడి దగ్గర చీటీలు వేశాం. మూడిట్లో కింద, రెండిట్లో మీద అని రాసి మా తమ్ముడి కూతురి చేత తీయించాం. మీద అని వచ్చినవి వాచీ రిపేరు ఆయనకి, ఇత్తడి సామాను ఆయనకి. వాచీ ఆయన సరే అన్నాడు. ఇత్తడి ఆయన చీటీని చాలాసేపు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. బిందెలు, గంగాళాలు మేడ మీదికి మోసేదెవరు, ఎక్కి కొనేదెవరు? నెల రోజుల తర్వాత లక్షన్నర తీసుకుని వేరే వీధికి వెళ్లిపోయాడు. అమ్మ పెళ్లినాటి మరచెంబు ఆయన తండ్రి దగ్గర కొన్నదే. ఆయన వెళ్లిపోవడం నాకిప్పటికీ బాధే. డబ్బిచ్చాం కదా అని సర్దుకోలేకపోతున్నాను.

2024 జూన్ 19న ఆన్‌లైన్‌లో ప్లాను దరఖాస్తు పడింది. మనం నేరుగా పెట్టలేం, లైసెన్సు ఉన్న టెక్నికల్ పర్సన్ ద్వారానే వెళ్లాలి. అందరూ ఎల్‌టీపీ అంటారు. ఆయన ఫీజు 45,000. ఆ రోజు నుంచి సెప్టెంబరు 9న ప్లాను మంజూరయ్యేదాకా 82 రోజులు. ఇక్కడ లెక్క చూడండి. జూన్ 28న మొదటి షార్ట్‌ఫాల్, అంటే సరిచేయాల్సిన లోపాల జాబితా, వచ్చింది, తొమ్మిది రోజులు. మేం సరిచేసి తిరిగి పంపింది జులై 15న, పదిహేడు రోజులు. రెండో షార్ట్‌ఫాల్ జులై 29న, పద్నాలుగు రోజులు. మేం జవాబిచ్చింది ఆగస్టు 27న, ఇరవై తొమ్మిది రోజులు. ఆఖరి పదమూడు రోజులు మళ్లీ ఆఫీసులో. అంటే ఫైలు ఆఫీసులో ఉన్నది 36 రోజులు, మా చేతుల్లో ఉన్నది 46. దరఖాస్తుకి ముందు మా ఇంట్లో నలిగిన ఎనిమిది నెలలు దీనికి అదనం. నేను మొదట్లో ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుందని సెలవులు దాచుకున్నాను. ఆ సెలవులన్నీ మా సొంత కాగితాలకే అయిపోయాయి.

మొదటి షార్ట్‌ఫాల్‌లో మూడు అంశాలు. దస్తావేజులో 250, నేల మీద 242, ప్లానులో ఏది చూపించారు? మా ఎల్‌టీపీ 250 చూపించేశారు. నేల కొలతే తీసుకుంటారు, తక్కువ ఉన్నదే చెల్లుతుంది. రెండోది, రోడ్డు. మా వీధి ఇప్పుడు 30 అడుగులు, మాస్టర్ ప్లానులో 40. మా వైపు అయిదడుగులు వదలాలి. 33 అడుగుల వెడల్పున అయిదడుగులంటే 165 చదరపు అడుగులు, 18 గజాల పైచిలుకు. మూడోది పార్కింగు సరిపోలేదని.

రోడ్డుకి వదిలే స్థలాన్ని రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ చేసి ఇవ్వాలి. దానికి బదులుగా టీడీఆర్ బాండు, అంటే వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు పత్రం, తీసుకోవచ్చు, లేదా సెట్‌బ్యాక్‌లలో, అంటే మేడ చుట్టూ వదలాల్సిన ఖాళీలో, సడలింపు అడగొచ్చు. తమ్ముడు బాండు అమ్ముకోవచ్చన్నాడు. నేను సడలింపే అడుగుదామన్నాను. మూడు పక్కలా పూర్తి సెట్‌బ్యాక్ వదిలితే ఆ ముగ్గురి కొట్లు అరలంత అవుతాయి. ఈసారి నా మాటే నెగ్గింది.

ప్లానింగ్ సెక్రటరీ కొలతలకి వచ్చిన రోజు నేనూ ఉన్నాను. టేపు ఒక చివర నా చేతికిచ్చి పట్టుకోమంది ఆ అమ్మాయి. రోడ్డు మధ్య నుంచి కొలుచుకుంటూ వచ్చి, గాజుల కొట్టు లోపల తెల్ల సుద్దతో నేల మీద గీత గీసింది. ఆ గీతకి ఇవతల ఉన్నదంతా రేపు రోడ్డు. మావయ్య కూర్చునే పీట, గల్లాపెట్టె, అద్దాల అల్మరా గీతకి ఇవతలే ఉన్నాయి. ఆయన ఏమీ అనలేదు. పీట తీసి గీతకి అవతల వేసుకుని కూర్చున్నాడు. ఆ అమ్మాయి వెళ్లిపోయాక కూడా పీట అక్కడే ఉంచాడు.

రెండో షార్ట్‌ఫాల్‌కి కారణం ఉమ్మడి గోడ. పడమటి పక్కింట్లో పిన్ని ఒక్కరే ఉంటారు, ఎనభై దాటాయి. మా గోడ పడగొడితే వాళ్ల ఇల్లు కూలుతుందని ఆవిడ కొడుకు కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్సులో అర్జీ పెట్టారు. నాకు ఒళ్లు మండింది, నిజమే. చిన్నప్పుడు ఆవిడ చేతి చలిమిడి తిన్నదాన్ని, ఒక మాట అడగలేకపోయారా అనిపించింది. తనిఖీకి వచ్చినప్పుడు మేస్త్రీ చేత మా వైపు గోడ గచ్చు కొట్టించాం. చిన్న సుత్తితో తడుతూ పోతుంటే చప్పుడు ఒకచోట మారింది. అక్కడ గచ్చు రాలగానే నల్లటి టేకు మొన కనిపించింది. వాళ్ల దూలం. రెండడుగులకి ఇంకోటి. మొత్తం ఏడు. అడుగున్నర మందం గోడలో సగం దాటి మా వైపుకి వచ్చి కూర్చున్నాయి. అర్జీ పెట్టకపోయి ఉంటే, మేం ఆ గోడని మాదే అనుకుని జేసీబీ పెట్టి ఉంటే, పిన్ని మంచం మీద కప్పు పడేది. నా కోపం అక్కడికక్కడే చల్లారిపోయింది.

గోడని పదకొండు అడుగుల ఎత్తున అలాగే ఉంచి, మీద కాంక్రీటు బెడ్ వేసి, మా పిల్లర్లు దానికి దూరంగా లోపలికి వేసుకునేలా వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసుకున్నాం. ఎల్‌టీపీ సెట్‌బ్యాక్‌ని గోడ మధ్య నుంచి కొలిచారు. ఇప్పుడు గోడ లోపలి ముఖం నుంచి కొలవాల్సి వచ్చింది. మేడ ఆ పక్క తొమ్మిది అంగుళాలు తగ్గింది. ప్లాను మళ్లీ గీశారు. మీ మేడకి ఉమ్మడి గోడ ఉంటే ప్లాను గీయించక ముందే గచ్చు కొట్టించి చూసుకోండి. మేస్త్రీ కూలి వెయ్యి రూపాయలతో పోయేది, మాకు నెల రోజులు పోయింది.

గిఫ్ట్ డీడ్‌తో పాటు ఇంకో రిజిస్ట్రేషను కూడా ఉంది. కట్టబోయే విస్తీర్ణంలో పదో వంతు కార్పొరేషన్ పేర తనఖా పెట్టాల్సి వచ్చింది. ప్లాను ప్రకారమే కట్టారని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకున్నాక విడిపిస్తామన్నారు. రెండో అంతస్తు వెనక గది తనఖాకి చూపించాం. ఆగస్టు 9న అందరం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి చేరాం. అన్నయ్య ఆధార్ కార్డు మరిచిపోయి వచ్చాడు. ఫోనులో తీసుకుందామంటే ఆధార్‌కి కలిపి ఉన్న నంబరు ఎప్పుడో వదిలేసిన పాత నంబరు, ఓటీపీ రాదు. స్లాటు పోయింది. రాత్రి రైలెక్కి తిరిగి వెళ్లిపోయాడు. మళ్లీ ఆగస్టు 21న వచ్చాకే సంతకాలు అయ్యాయి. ఆ పన్నెండు రోజులూ కేవలం ఒక ఫోను నంబరు కోసం.

అనుమతి ఫీజులు, అభివృద్ధి చార్జీలు అన్నీ కలిపి రెండు లక్షల ఇరవై వేల పైన అయ్యాయి. నిర్మాణ ఖర్చు మీద ఒక శాతం కార్మికుల సంక్షేమానికి లేబర్ సెస్ వేరే ఉంటుంది. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు, 62,000 అప్పటికప్పుడు సర్దాల్సి వచ్చింది. సెప్టెంబరు 9 సాయంత్రం ఫోనుకి మెసేజ్ వచ్చింది. బయట వాన. అమ్మకి చూపిస్తే కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది. "నీ పేరు కూడా ఉందే" అంది.

అద్దెవాళ్లు దీపావళి బేరాలు చేసుకుని నవంబరులో ఖాళీ చేశారు. నలుగురికీ తలా 30,000 ఇచ్చాం, ఈ మధ్యకాలానికి వేరేచోట అడ్వాన్సుకి. కరెంటు మీటర్లు అయిదూ సరెండర్ చేయాలి. అందులో రెండు చనిపోయినవాళ్ల పేర ఉన్నాయి, దానికో పదిరోజులు. సరెండర్ చేయకపోతే మీటరు లేకపోయినా బిల్లు వస్తూనే ఉంటుంది. పడగొట్టిన సంగతి కూడా పన్నుల విభాగానికి రాసివ్వాలి. లేకపోతే లేని కొట్లకి పన్ను పడుతుంది. రాసిచ్చాక ఖాళీ స్థలం పన్ను మొదలవుతుంది, అదీ తెలిసి ఉండాలి.

నవంబరు 18 నుంచి డిసెంబరు 3 దాకా పడగొట్టారు. పడగొట్టేవాళ్లకి మనం డబ్బివ్వాలనుకున్నాను. టేకు, ఇనుము వాళ్లు తీసుకుని మాకే 1,40,000 ఇచ్చారు. పిన్ని ఇంటి దూలాల కింద జాకీలు పెట్టించడానికీ, గోడ మీద బెడ్‌కీ 85,000 అయింది. వెనక గోడౌను కింద ఆరు ఇనుప గర్డర్లు ఉన్నాయి. ఒకదాని మీద సున్నం గోకితే ఉబ్బెత్తు ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి: డార్మన్ లాంగ్, మిడిల్స్‌బరో, ఇంగ్లండ్. ఎక్కడి ఇనుము, ఏ ఓడ మీద వచ్చి, ఏ బండి మీద మా వీధి దాకా చేరిందో. అయిదు తూకానికి పోయాయి. ఆ అక్షరాలున్నది ఒకటి ఉంచేయమన్నాను. ఇప్పుడు మెట్ల కింద వేసి ఉంది.

ధనుర్మాసం వెళ్లనిచ్చి, మాఘంలో 2025 ఫిబ్రవరి 7న శంకుస్థాపన చేశాం. కట్టడం గురించి అందరికీ తెలిసినదే, రాయను. అక్టోబరు 7న సిరిమాను వచ్చేసరికి మూడు స్లాబులూ అయ్యాయి కానీ ముందు సర్వి బాదులు ఇంకా ఉన్నాయి. పండగకి మూడు రోజుల ముందే రోడ్డు వైపు బాదులన్నీ తీసేసి, మెట్లకి తాళం వేశాం. పిట్టగోడ లేని మేడ మీదికి ఎవరినీ రానివ్వలేదు. మూడో ఏడు కూడా కిందే నిలబడ్డాను.

ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తనిఖీలో ఒకే ఒక్క అభ్యంతరం. కొట్ల ముందు వేసిన మెట్టు అడుగు మేర రోడ్డుకి వదిలిన స్థలంలోకి వచ్చింది. మర్నాడే కొట్టించేశాం. డిసెంబరు మూడో వారంలో సర్టిఫికెట్ చేతికొచ్చింది. గాజుల మావయ్య కొట్టు తొమ్మిదడుగులు, పదకొండు అడుగులు. ఖాళీ కొట్టులో అటూ ఇటూ నడిచి, తన మూరతో గోడలు కొలుచుకుని, "అల్మరా ఇక్కడ పడతాది పాపా, పీట ఇక్కడ" అన్నాడు. కొట్టు ముందు రోడ్డు వైపు ఒకసారి చూసి, పీట జాగా ఇంకో జానెడు లోపలికి మార్చాడు.

ఇంక తనఖా విడుదల ఒక్కటే మిగిలింది. సోమవారానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో స్లాటు దొరికింది. ప్లాను ఒరిజినలు, సర్టిఫికెట్టు, అక్క జీపీఏ, ఆ కొరియరు కవరు అన్నీ ఒక సంచిలో సర్దాను. అన్నయ్య ఆధార్‌కి కొత్త నంబరు కలిపించుకున్నానని రాత్రి ఫోటో తీసి పంపాడు.